వేడికి అడ్డం ఎక్కడ? నీటికి అడ్డం ఎక్కడ?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఉష్ణ ప్రసారం, ద్రవ ప్రవాహం అనే రెండు విషయాల మీద ఈ నెల శీర్షికకు ప్రశ్నలు పంపమని కోరాం. మెకానికల్ ఇంజినీరింగ్ విభాగంలో నేను బోధించేవీ, పరిశోధన చేసేవీ ఈ రెండే. రాయగడ, బరంపురం, జయపురం, పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ మందికి పనికివచ్చే ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ “ఏం కొనమంటారు?” అనే ప్రశ్న ఉంది. కొనడానికి ముందు వేడి గానీ నీరు గానీ వెళ్లే దారిలో అన్నిటికన్నా పెద్ద అడ్డం ఎక్కడుందో తెలుసుకోవాలి. ఆ అడ్డాన్ని వదిలేసి మరొక చోట ఎంత ఖర్చు పెట్టినా ఫలితం కనిపించదు.

ప్రశ్న: మాది జింకు రేకుల ఇల్లు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఇంట్లో ఉండలేకపోతున్నాం. ఫ్యాను వేస్తే పైనుంచి సెగ దిగుతోంది. మా అత్తగారికి డెబ్బై దాటాయి. మందం రేకులు వేయించమని ఒకరు, కూలరు కొనమని ఒకరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
— ఒక గృహిణి, రాయగడ

జవాబు: అమ్మా, మందం రేకుల కోసం డబ్బు పెట్టకండి. ఇనుప రేకు వేడిని ఎంత సులువుగా దాటనిస్తుందంటే, అర మిల్లీమీటరు మందమున్న రేకు పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉష్ణోగ్రతలో తేడా డిగ్రీలో వందో వంతు కూడా ఉండదు. మందం రెండింతలు చేసినా ఆ తేడా లెక్కలోకి రాదు. మీ ఇంటికి సంబంధించినంతవరకు రేకు వేడికి అడ్డమే కాదు.

అసలు సంగతి రేకు పైన పడే ఎండలో ఉంది. ఎండాకాలం నడిమధ్యాహ్నం ఒక చదరపు మీటరు మీద దాదాపు 900 వాట్ల ఎండ పడుతుంది. పాతబడి, మాసి, తుప్పెక్కిన రేకు అందులో 700 వాట్లకు పైగా పీల్చుకుంటుంది. దానిమీద తెల్లగా సున్నం వేస్తే పీల్చుకునేది 300 వాట్ల లోపుకు దిగుతుంది. బయటి గాలి 40 డిగ్రీలున్నప్పుడు, మామూలు గాలివాటం ఉందనుకుని లెక్క వేస్తే, మాసిన రేకు 65 నుంచి 70 డిగ్రీల దాకా కాగుతుంది, సున్నం వేసిన రేకు 50 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. కొత్తగా మెరిసే జింకు రేకు చల్లగా ఉంటుందని చాలామంది అనుకుంటారు గాని అది నిజం కాదు. మెరిసే లోహం ఎండను కొంత తిప్పికొట్టినా, తాను పీల్చుకున్న వేడిని వికిరణంగా వదలడంలో చాలా మందకొడి. సున్నానికి రెండు గుణాలూ ఉన్నాయి: ఎండను తిప్పికొడుతుంది, పట్టుకున్న వేడిని ఆకాశంలోకి బాగా వదులుతుంది.

ఇంట్లోవారికి బాధ ఎలా కలుగుతుందో కూడా చూడాలి. 1879లో స్టెఫాన్ ప్రయోగ ఫలితాల నుంచి రాబట్టి, 1884లో బోల్ట్‌జ్‌మన్ సిద్ధాంతపరంగా నిరూపించిన నియమం ప్రకారం ఒక వస్తువు వెదజల్లే వేడి దాని పరమ ఉష్ణోగ్రతకు (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే వచ్చేదానికి) నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 65 డిగ్రీల పైకప్పు కింద 35 డిగ్రీల చర్మంతో కూర్చున్న మనిషి మీద, పైకప్పుకు ఎదురుగా ఉన్న ఒంటి భాగంలో, చదరపు మీటరుకు సుమారు 200 వాట్ల వేడి అదనంగా పడుతుంది. ఊరికే కూర్చున్న మనిషి శరీరం తనంతట తాను పుట్టించే వేడి మొత్తం కలిపి 100 వాట్ల చుట్టుపక్కల ఉంటుంది. గాలి ఎంత ఆడినా ఈ వికిరణం ఆగదు, ఎందుకంటే అది గాలి మీద ఆధారపడకుండా నేరుగా వస్తుంది. పైగా రేకు కింద చేరిన వేడి గాలిని సీలింగ్ ఫ్యాను కిందికి తోస్తుంది. మీరు చెప్పిన సెగ అదే.

కాబట్టి మొదట ఫాల్గుణ మాసం దాటకముందే రేకుల మీద సున్నం వేయించండి, వానలకు కొట్టుకుపోతుంది గనుక ఏటా వేయించండి. తర్వాత రేకు కింద జానెడు దూరం వదిలి వెదురు తడకలతో గాని తాటాకుతో గాని లోకప్పు కట్టించి, ఆ ఖాళీ రెండు చివరలా తెరచి ఉంచండి. అప్పుడు వేడెక్కిన గాలి బయటికి పోతుంది, కాగిన రేకు మీ మీద నేరుగా సెగ కక్కదు. తడక పైభాగాన అల్యూమినియం రేకు కాగితం పరిస్తే ఫలితం ఇంకా బాగుంటుంది, కాకపోతే దాని మెరిసే వైపు ఆ ఖాళీ గాలి వైపు ఉండాలి, దుమ్ము పట్టకూడదు. రాయగడ ఎండ పొడిగా ఉండే నెలల్లో కూలరు పనిచేస్తుంది, కిటికీ తెరిచి ఉంచితేనే. అయితే అది ఈ పనుల తర్వాతి మాట. ఇంట్లో గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాను ఒంటికి వేడినే చేరుస్తుంది. అలాంటి మధ్యాహ్నాల్లో మీ అత్తగారిని తడి బట్టతో ఒళ్లు తుడుస్తూ, పెంకుటిల్లు గాని చెట్టునీడ గాని ఉన్నచోట కూర్చోబెట్టడం మంచిది. ఈ విషయంలో ఉపేక్ష వద్దు.

ప్రశ్న: మా పుట్టిల్లు టిట్లాగఢ్. అక్కడ కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి. అదే కుండ బరంపురం తెచ్చుకుంటే నీళ్లు అంతగా చల్లబడటం లేదు. కుండ పాడైందా?
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: కుండ బాగానే ఉంది, గాలి వేరు. కుండ గోడలోని సన్నటి రంధ్రాల గుండా ఊరిన నీరు ఆవిరి కావడానికి కావలసిన వేడిని లోపలి నీటి నుంచి తీసుకుంటుంది. పది లీటర్ల నీటిలో 100 మిల్లీలీటర్లు మాత్రమే ఆవిరైనా, ఆ వేడంతా కుండలోంచే వస్తే, మిగిలిన నీరు దాదాపు 6 డిగ్రీలు చల్లబడుతుంది. అయితే ఆవిరిని పుచ్చుకోవడానికి గాలిలో చోటుండాలి. గాలి 40 డిగ్రీలుండి తేమ 20 శాతమే ఉంటే, తడిసిన ఉపరితలం 23 డిగ్రీల దాకా దిగగలదు. సముద్రపు గాలి వీచే చోట గాలి 35 డిగ్రీలే ఉన్నా, తేమ 70 శాతం ఉంటే 30 డిగ్రీల కన్నా కిందికి దిగదు. కుండను గాలి ఆడే నీడలో, ఇసుక మీద కాకుండా ముక్కాలి పీట మీద పెట్టండి, అడుగు నుంచి కూడా ఆవిరి పోతుంది. రంగు వేసిన కుండ కొనవద్దు. మీ ఊళ్లో అప్పడాలు ఎండబెట్టేవారు ఎండ కన్నా గాలిని చూసి పిండి కలుపుతారంటే, ఆ అనుభవం వెనుక ఉన్నదీ ఈ లెక్కే.

ప్రశ్న: ఉప్పుడు బియ్యం మిల్లు నడుపుతున్నాం. ఊకతో నడిచే బాయిలరు. రెండేళ్లుగా అదే వడ్లకు ఊక ఎక్కువ తగలబడుతోంది, ఆవిరి చాలడం లేదు. పెద్ద బ్లోయరు పెట్టమని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?
— ఒక మిల్లు భాగస్వామి, జయపురం

జవాబు: కొలిమికి గాలి ఊదే బ్లోయరును మార్చే ముందు బాయిలరును ఆపి, పూర్తిగా చల్లారాక, తెరిచి చూడండి. గొట్టాలకు నీటి వైపు గార, పొగ వైపు మసి పట్టి ఉంటాయని నా అంచనా. ఆ పరిస్థితిలో పెద్ద బ్లోయరు పెడితే ఊక ఇంకా వేగంగా కాలి, ఆ వేడి చిమ్నీలోంచి పైకి పోతుంది తప్ప నీటికి చేరదు.

లెక్క చూడండి. బాయిలరు గొట్టాల ఉక్కుకు ఉష్ణ వాహకత సుమారు 50 యూనిట్లనుకుంటే, నేలలోని సున్నపు ఖనిజాలతో కట్టే గారకు అది ఒకటి దగ్గర ఉంటుంది. అంటే ఒక మిల్లీమీటరు గార వేడిని ఆపడంలో 50 మిల్లీమీటర్ల ఉక్కు గోడతో సమానం. మసి అంతకన్నా ఘోరం, దాని వాహకత గారలో పదో వంతు మాత్రమే.

ఊక ఖర్చు కన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది, దయచేసి దీన్ని మీ బాయిలరు ఆపరేటరుకు కూడా చదివి వినిపించండి. 10 బార్ల పీడనంలో నీరు సుమారు 180 డిగ్రీల వద్ద మరుగుతుంది. గొట్టం లోపల గార లేకపోతే, బయట మంట ఎంత తీవ్రంగా ఉన్నా, నీరు వేడిని లాగేసుకుంటూ లోహాన్ని దాదాపు ఆ ఉష్ణోగ్రత దగ్గరే పట్టి ఉంచుతుంది. కొలిమికి ఎదురుగా ఉన్న చోట చదరపు మీటరుకు లక్ష వాట్ల వేడి గొట్టంలోకి దిగుతోందనుకోండి. అక్కడ మూడు మిల్లీమీటర్ల గార ఉంటే, ఆ వేడిని నీటిలోకి తోయడానికి లోహం నీటి కన్నా 300 డిగ్రీలు ఎక్కువ వేడెక్కాలి. అప్పుడు లోహం 480 డిగ్రీలకు చేరుతుంది. ఆ ఉష్ణోగ్రతలో మామూలు బాయిలరు ఉక్కు బలం తగ్గి, పీడనానికి మెల్లమెల్లగా ఉబ్బి, ఒకనాడు పగులుతుంది. పీడనం చూపే గడియారంలో దీనికి ఏ సూచనా కనిపించదు. మనుషులు పక్కనే నిలబడి పనిచేసే చోట ఇది ప్రాణాల సంగతి.

ఇక చేయవలసినది. చిమ్నీ మొదట్లో ఒక థర్మామీటరు అమర్చి, గొట్టాలు శుభ్రం చేసిన రోజున అది చూపిన అంకెను గోడ మీద రాసి పెట్టించండి. అదే భారం మీద ఆ అంకె రోజురోజుకూ పెరుగుతోందంటే, గొట్టాలు వేడిని తీసుకోవడం మానేస్తున్నాయని అర్థం. పొగ ఉష్ణోగ్రత సుమారు 20 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ బాయిలరు సామర్థ్యం ఒక శాతం పడిపోతుందని ఇంజినీర్లు స్థూలంగా లెక్క వేస్తారు. మసిని బ్రష్షుతో దులిపే పని వారం వారం జరగాలి. బోరు నీటిని నేరుగా పోయకుండా గార కట్టే ఖనిజాలను తీసేసే సాఫ్ట్‌నర్ గుండా పంపించి, అందులో ఉప్పు ఎప్పటికప్పుడు మార్పించండి. బాయిలరు అడుగున లవణాలు చేరిన నీటిని కొంత వదిలేసే బ్లోడౌన్‌ను మనసుకు తోచినప్పుడు కాకుండా నీటిలో కరిగిన లవణాలను కొలిచి దాని ప్రకారం చేయించండి. ఇప్పటికే కట్టిన గారను యాసిడ్‌తో కడిగే పని తెలిసినవారి చేతే జరగాలి, ఉలితో చెక్కించడం వల్ల గొట్టాలు దెబ్బతింటాయి. చట్టం వర్తించే బాయిలరైతే తనిఖీ గడువు దాటనివ్వకండి. ఇన్ని చేశాక కూడా మంట సరిగా లేదంటే, అప్పుడు బ్లోయరు గురించి మాట్లాడుకోవచ్చు.

ప్రశ్న: మెకానికల్ బీటెక్ మూడో ఏడు చదువుతున్నాను. ఉష్ణ ప్రసారంలో పరిశోధన చేయాలని ఉంది. ఇందులో ఇప్పుడు అంతా కంప్యూటర్ మీదేనా? ఈ రంగంలో కొత్తగా చేయడానికి ఏమైనా మిగిలి ఉందా?
— ఒక విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: బాబూ, మిగిలి ఉన్నదే ఎక్కువ. వేడి ఘనపదార్థంలో ఎలా ప్రయాణిస్తుందో ఫోరియర్ 1822లోనే సమీకరణంగా చెప్పాడు. ద్రవాల చలనానికి నావియర్, స్టోక్స్ రాసిన సమీకరణాలు కూడా 19వ శతాబ్దం సగానికే సిద్ధమయ్యాయి. అయినా మూడు పరిమాణాల్లో ఆ సమీకరణాలకు ఎల్లవేళలా సాఫీగా ఉండే సాధన ఉంటుందా అన్న ప్రశ్నకు ఇప్పటికీ రుజువు లేదు. 2000లో క్లే గణిత సంస్థ ఒక్కోదానికి పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించిన ఏడు సమస్యల్లో అదొకటి. 1883లో రెనాల్డ్స్ గాజు గొట్టంలోకి రంగు నీటి దారం వదిలి చూశాడు. వేగం తక్కువగా ఉన్నంతసేపూ ఆ దారం చెదరకుండా సాగి, ఒక హద్దు దాటగానే గొట్టమంతా కలిసిపోయింది. ఆ కలగలుపును మనం టర్బులెన్స్ అంటున్నాం. దాన్ని పూర్తిగా అర్థం చేసుకున్నామని ఈనాటికీ ఎవరూ చెప్పలేరు. 1904లో ప్రాండ్‌టల్ గోడకు అంటుకున్న పలుచటి పొరలోనే ఘర్షణ కథంతా నడుస్తుందని చూపించాక, ఈ శాస్త్రం లెక్కలకు అందింది. మన దేశంలో సతీష్ ధావన్, రొద్దం నరసింహ బౌండరీ లేయర్ అనే ఆ పలుచటి పొర మీదే ప్రపంచం గుర్తించిన కృషి చేశారు.

కంప్యూటర్ సంగతికి వస్తే, అది చాలా గొప్ప సాధనం. ప్రవాహ సమీకరణాలను అంచెలంచెలుగా పరిష్కరించే ‘సింపుల్’ పద్ధతిని 1972లో ప్రకటించిన ఇద్దరిలో ఒకరు పుణెలో చదువుకున్న సుహాస్ పటాంకర్. ఆ పద్ధతి, దాని రూపాంతరాలు ఈనాటికీ సాఫ్ట్‌వేర్లలో నడుస్తున్నాయి. ఓపెన్‌ఫోమ్ వంటి ప్రవాహ లెక్కల సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి, ఇప్పుడే నేర్చుకోవడం మొదలుపెట్టవచ్చు. కాని తెర మీద రంగురంగుల బొమ్మ వచ్చినంత మాత్రాన అది నిజమని నమ్మకూడదు. లెక్క కోసం ప్రవాహాన్ని విడగొట్టిన గడులను రెండింతలు సన్నం చేసినప్పుడు జవాబు మారుతుంటే, ఆ జవాబు ప్రకృతిది కాదు, నువ్వు గీసిన గడులది.

అందుకే మా విద్యార్థుల చేత మొదట ఒక చిన్న ప్రయోగం చేయిస్తాను. రాగి గొట్టానికి నైక్రోమ్ తీగ చుట్టి, పైన గాజు ఉన్ని కప్పి, లోపల నీరు పారిస్తూ కరెంటుతో వేడి చేస్తారు. తీగకు ఇచ్చిన వాట్లు ఎంతో మీటరు చెబుతుంది. నీరు మోసుకుపోయిన వేడి ఎంతో నీటి ఉష్ణోగ్రతలో వచ్చిన పెరుగుదలను బట్టి తెలుస్తుంది. ఈ రెండూ సరిపోవాలి. సెకనుకు 50 గ్రాముల నీరు 5 డిగ్రీలు వేడెక్కితే అది సుమారు 1,045 వాట్లు. ఆ 5 డిగ్రీల కొలతలో అర డిగ్రీ పొరపాటుంటే 100 వాట్లకు పైగా లెక్క తప్పుతుంది. ఉష్ణోగ్రతను వోల్టేజీగా చూపే తీగల జంటను థర్మోకపుల్ అంటారు. కె రకం థర్మోకపుల్ ఒక డిగ్రీకి ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులు, అంటే వోల్టులో లక్షో వంతుకు నాలుగింతలు. అంత సన్నటి సంకేతం మీద అర డిగ్రీ తప్పు దొర్లడం ఎంత తేలికో ఆలోచించు. రెండు లెక్కలూ కలిసేదాకా ఏ గ్రాఫూ గీయవద్దని చెబుతాను. కొందరికి విసుగొస్తుంది. విసుగు దాటినవారికి తేడా ఎక్కడుందో వెతకడంలోనే ఆనందం దొరుకుతుంది, అలాంటివారు మంచి పరిశోధకులవుతారు.

గేట్ పరీక్ష రాయి. 2008లో వచ్చిన భువనేశ్వర్ ఐఐటీ, రూర్కెలా ఎన్ఐటీ మన ఒడిశాలోనే ఉన్నాయి. పీహెచ్‌డీలో చేరినవారికి ఫెలోషిప్ ఉంటుంది కనుక ఇంటికి భారమవుతుందన్న దిగులు అంతగా వద్దు. ఈలోగా అవకలన సమీకరణాలు గట్టి చేసుకో. అంశం కోసం దూరం చూడనక్కరలేదు. దామన్‌జోడిలో బాక్సైట్ నుంచి అల్యూమినా తీసే చోటా, జీడిపప్పు బట్టీల్లోనూ, పైన జయపురం ఉత్తరంలో చూసిన ఊక బాయిలర్లలోనూ ఉష్ణ ప్రసారపు సమస్యలే ఉన్నాయి. చిన్న బట్టీల మీద జరగవలసిన పని ఇంకా చాలా ఉందని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: వంశధార ఒడ్డు నుంచి పొలానికి 200 మీటర్ల పైపు వేసి నీరు తోడుతున్నాం. నీరు చాలడం లేదు. పెద్ద మోటారు కొనాలా?
— ఒక రైతు, గుణుపురం

జవాబు: అయ్యా, మీ పైపు లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు, సెకనుకు 3 లీటర్లు వస్తున్నాయనుకుని లెక్క వేశాను. ఆ పైపులో నీరు సెకనుకు ఒకటిన్నర మీటరు వేగంతో, పైన చెప్పిన రెనాల్డ్స్ హద్దుకు ఎన్నో రెట్లు మించి, సుళ్లు తిరుగుతూ పోతుంది. అలాంటి ప్రవాహంలో, అదే నీటికి, ఘర్షణ నష్టం వ్యాసానికి అయిదో ఘాతంతో తగ్గుతుంది. 50 మిల్లీమీటర్ల పైపులో ఒక్క ఘర్షణకే సుమారు తొమ్మిదిన్నర మీటర్ల ఎత్తుకు తోడేటంత శక్తి పోతుంది. లోపలి వ్యాసం 63 మిల్లీమీటర్లుంటే అది 3 మీటర్లకు దిగుతుంది. పంపు, మోటారు కలిసి సగం సామర్థ్యంతో పనిచేస్తున్నాయనుకుంటే, ఈ ఒక్క మార్పుతో సుమారు అర హార్స్‌పవర్ కరెంటు మిగులుతుంది. ఇప్పుడున్న మోటారుతోనే నీరు పెరుగుతుంది. పాత పైపులో పెద్ద మోటారు పెడితే, నీటిని రెండింతలు చేయబోయినప్పుడు ఘర్షణ నాలుగింతలవుతుంది.

పీవీసీ పైపు మీద రాసే అంకె బయటి వ్యాసమని గుర్తుంచుకోండి. 63 అని రాసి ఉన్న పైపు లోపల అంతకన్నా ఇరుకుగానే ఉంటుంది, కాబట్టి కొనేటప్పుడు లోపల కొలిపించండి. మూలలు తిరిగే చోట ఇరుకైన ఎల్బోల బదులు పొడవుగా వంగిన బెండ్లు వాడండి. పంపు నది నీటి మట్టానికి ఆరేడు మీటర్ల కన్నా ఎత్తున ఉండకూడదు, ఎండాకాలంలో వంశధార దిగినప్పుడు ఆ దూరం మళ్లీ చూసుకోవాలి. ఎందుకంటే నీటిని పంపు దాకా ఎక్కించేది వాతావరణ పీడనమే. ఏ లోపమూ లేకపోయినా దాని బలం పది మీటర్ల పైచిలుకే. ముందుగా పీల్చే పైపు అడుగున నీటిలో ఉండే ఫుట్ వాల్వ్ జల్లెడకు పట్టిన నాచు, ఇసుక తీయించి, జాయింట్ల దగ్గర గాలి పీలుస్తోందేమో సబ్బు నురగ పూసి చూసుకోండి. పీల్చే పైపులో చీలిక ఉంటే నురగ లోపలికి లాక్కుపోతుంది.